బ్యాటన్ ఇచ్చేటప్పుడు ఏమని పిలిచాం?

(జూనియర్ క్రీడాకారుల శిక్షణ శిబిరం మొదటి రోజు సాయంత్రం ఒక రిలే కోచ్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాశాం.)

అందరికీ నమస్కారం. పొద్దుట్నుంచీ పరిగెత్తి వచ్చి కూర్చున్నారు, అలసట మీ ముఖాల్లో కనిపిస్తూనే ఉంది. ఎక్కువసేపు తీసుకోను. కానీ ఈ సంగతి చివరి రోజున చెబితే లాభం లేదు, మొదటి రోజే చెప్పాలి. అందుకే అడిగి మరీ ఈ సాయంత్రం తీసుకున్నాను.

నేను రిలే మనిషిని. 4×100 మీటర్లలో మూడో లెగ్, అంటే నలుగురిలో మూడోవాడిగా పరిగెత్తేవాణ్ణి. మిగతా ఆటలవాళ్ళ కోసం ఒక్క విషయం చెప్పాలి. ఈ రిలేలో బ్యాటన్, అంటే ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారే కడ్డీ, అందుకునేవాడు వెనక్కి తిరిగి చూడడు. వెనక నుంచి వచ్చేవాడు నేల మీద పెట్టుకున్న గుర్తు దాటగానే ముందువాడు పరుగు మొదలుపెడతాడు. అప్పట్లో బ్యాటన్ మార్చుకునే జోన్ 20 మీటర్లే. ఇద్దరూ మంచి వేగంలో ఉంటారు. అందేంత దగ్గరికి రాగానే వెనకవాడు ఒక కేక వేస్తాడు. ఆ కేక చెవిన పడగానే ముందువాడి చెయ్యి వెనక్కి వెళ్ళాలి, అరచెయ్యి తెరుచుకోవాలి. చూపు మాత్రం ముందుకే. అంతా ఆ కేక మీద నమ్మకమే.

మా జట్టులో నాలుగో లెగ్ కుర్రాడు మా అందరికంటే చురుకు. మా అందరికంటే నలుపు కూడా. మేం వాణ్ణి కాకి అనేవాళ్ళం. ఎవరు మొదలుపెట్టారో గుర్తు లేదు. పోటీల్లో మైకులో చదివినప్పుడు తప్ప వాడి అసలు పేరు వినబడేదే కాదు. బ్యాటన్ ఇచ్చేటప్పుడు నేను వేసే కేక కూడా అదే. "కాకీ!" రెండే అక్షరాలు, ఎంత గోలలోనైనా ఖంగుమని వినబడుతుంది. మంచి కేక దొరికిందని మురిసిపోయేవాళ్ళం. వాడు ముగింపు గీత దాటగానే స్టాండులో ఉన్న మావాళ్ళు "కావ్ కావ్" అని అరిచేవాళ్ళు. మా దృష్టిలో అది వాడికి పట్టే హారతి. వాడు నవ్వేవాడు, చెయ్యి ఊపేవాడు.

మిగతా కథ చివర్లో చెప్తాను.

ఇప్పుడు మీ దగ్గరికి వద్దాం. డ్రెస్సింగ్ రూములో, బస్సులో, వాట్సాప్ గ్రూపులో ఒకరి రంగు మీద, కళ్ళ మీద, జుట్టు మీద, యాస మీద, కులం మీద, మతం మీద మాట పడుతుంది. అన్నవాణ్ణి అడిగితే వెంటనే వచ్చే జవాబు "ఊరికే తమాషాకి అన్నాను సార్" అనే. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి నేర్పుతున్నాను, ఈ జవాబు తప్ప ఇంకొకటి విన్న గుర్తు లేదు. అబద్ధం చెబుతున్నారని కూడా అనను. నిజంగానే తమాషా అనుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది. పగతో అన్న మాటని పట్టుకోవడం తేలిక. ముద్దుగా అన్నదాన్ని పట్టుకోవడమే కష్టం.

2019 జనవరిలో డర్బన్‌లో దక్షిణాఫ్రికా, పాకిస్తాన్ వన్డే. పాకిస్తాన్ కెప్టెన్ సర్ఫరాజ్ అహ్మద్ వికెట్ల వెనక నిలబడి, బ్యాటింగ్ చేస్తున్న ఆండిలే ఫెలుక్వాయోని ఉర్దూలో "అబే కాలే" అన్నాడు. మన మాటల్లో చెప్పాలంటే "ఒరేయ్ నల్లోడా" అని. స్టంప్ మైకు పట్టేసింది, ప్రపంచమంతా వింది. తన మాట ఎవరికీ వినబడాలనీ, అర్థం కావాలనీ తన ఉద్దేశం కాదని అతను తర్వాత చెప్పుకున్నాడు. ఐసీసీ నాలుగు మ్యాచ్‌లు ఆడకుండా నిషేధించింది. మీరు ఈ సంఘటనలో శిక్ష కంటే ఆ వివరణని గమనించండి. వినబడకపోతే తప్పు లేదనుకున్నాడు. మనమూ అదే అనుకుంటాం కదా? వాడికి మన భాష రాదులే, వాడికేం తెలుస్తుందిలే అని.

తెలియకపోవడం గురించి ఇంకొకటి చెప్తాను. డారెన్ సామీ పేరు విన్నారుగా, వెస్టిండీస్‌కి 2012లో, 2016లో టీ20 ప్రపంచకప్ గెలిపించిన కెప్టెన్. ఐపీఎల్‌లో ఆడిన రోజుల్లో తనని 'కాలూ' అని పిలిచేవాళ్ళని 2020లో బయటికి చెప్పాడు. ఆ మాటకి బలమైన గుర్రం అని అర్థం అనుకున్నాడట! ఆ పిలుపుకి పలికాడు, నవ్వాడు. అసలు అర్థం తెలిశాక కోపం వచ్చింది, దానికంటే ఎక్కువ బాధ కలిగింది. తర్వాత అప్పటి సహచరుల్లో ఒకతను మాట్లాడి, ప్రేమతోనే అన్నామని చెబితే సామీ ఆ మాట నమ్మాడు, పెద్దమనసుతో అక్కడితో వదిలేశాడు. నేను మాత్రం అక్కడ ఆగలేకపోతున్నాను. ప్రేమతో పిలిచేవాళ్ళు ఆ పేరుకి అర్థం ఇదీ అని ఒక్కసారైనా అతనికి చెప్పి ఉండాల్సింది కదా. చెప్పి, "ఇలా పిలవమంటావా?" అని అడిగి ఉండాల్సింది.

"కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం" అని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. మంచి సామెతే. కానీ నేను చెబుతున్నది నోరు జారడం గురించి కాదు. జారడం అంటే ఎప్పుడో ఒకసారి జరిగేది. రోజూ పొద్దునా సాయంత్రం అదే పేరుతో పిలుస్తుంటే దాన్ని జారడం అనలేం.

ఇంకో సామెత ఉంది, "నలుపు నారాయణుడు మెచ్చు" అని. నల్లగా ఉన్న పిల్లల్ని ఓదార్చడానికి పెద్దవాళ్ళు అనేది. ఎర్రగా ఉన్నవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని ఎవరైనా ఓదారుస్తారా? ఓదార్పు ఎదురైందంటేనే పిల్లకి అర్థమైపోతుంది, తనలో ఏదో లోటు ఉందని జనం అనుకుంటున్నారని. క్రికెటర్ అభినవ్ ముకుంద్ 2017లో దీని గురించే బయటికి రాశాడు. చిన్నప్పట్నుంచీ తన రంగు మీద జనానికి ఎందుకింత పట్టింపో అర్థం కాలేదని. ఎండలో ఆడినందుకు వచ్చిన నలుపు మీద కూడా మాటలు పడ్డాయి అతనికి. మన ఆటే ఎండలో కదా.

ఇక కోతి సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే పిల్లలు నాతో ఎక్కువగా వాదించేది దీని మీదే. "సార్, మా అమ్మ రోజూ నన్ను కోతి అంటుంది. గాడిద అంటుంది. అది తప్పా?" అని. నిజమే, మన ఇళ్ళలో కోతి అంటే అల్లరి పిల్లాడు. అమ్మ అనే కోతిలో ముద్దే తప్ప ఇంకేం లేదు. కానీ అదే మాటని ఒక నల్లజాతి ఆటగాడి మీదికి విసిరితే అది అమ్మ మాట కాదు. దాని వెనక ఒక చరిత్ర ఉంది.

తెల్లవాళ్ళు అన్నిటికంటే పై మెట్టు మీద, ఆఫ్రికా వాళ్ళు కోతులకి దగ్గరి మెట్టు మీద ఉంటారని ఒకప్పుడు శాస్త్రం పేరుతోనే పుస్తకాలు రాశారు. రాసి ఊరుకోలేదు. 1906లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో ఓటా బెంగా అనే కాంగో యువకుణ్ణి కోతుల ఇంట్లో ఉంచి, జనానికి చూపించారు. పక్కన ఒరాంగుటాన్‌ని పెట్టారు. జనం వేలల్లో వచ్చి చూశారు. నల్లజాతి మతబోధకులు గట్టిగా ఎదురు తిరిగాకే అది ఆగింది. ఆ తర్వాత పదేళ్ళకి, 1916లో, అతను తన ప్రాణం తనే తీసుకున్నాడు.

మాట ఒకటే కావచ్చు. కానీ స్టేడియంలో ఆ కూత వినబడినప్పుడు ఆ ఆటగాడి చెవికి వినిపించేది ఆ కోతుల ఇల్లే. 2007లో కరీబియన్ మూలాలున్న ఆస్ట్రేలియా క్రికెటర్ ఆండ్రూ సైమండ్స్ మన దేశానికి ఆడడానికి వచ్చినప్పుడు ప్రేక్షకుల్లో కొందరు కోతి చేష్టలు చేశారు. అందులో ఎంతమందికి ఈ చరిత్ర తెలిసి ఉంటుంది? చాలామందికి తెలిసి ఉండదు. తెలియనంత మాత్రాన అతనికి తగలకుండా పోలేదు.

తెలియని పిల్లల విషయంలో ఏం చేయాలో నాకు నేర్పింది ఆడమ్ గుడ్స్. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అనే అక్కడి ఆట ఆడేవాడు, అక్కడి ఆదివాసీ. 2013 మే 24న మెల్‌బోర్న్ మైదానంలో, ఆదివాసీ ఆటగాళ్ళ గౌరవార్థం పెట్టిన రౌండ్‌లోనే, బౌండరీ అవతల నుంచి ఒకరు అతన్ని తోక లేని కోతి అని అర్థం వచ్చే మాటతో పిలిచారు. అతను ఆగి, తిరిగి, అన్న మనిషి వైపు వేలు చూపించాడు. చూస్తే పదమూడేళ్ళ అమ్మాయి. భద్రతా సిబ్బంది ఆమెని బయటికి తీసుకెళ్ళారు.

మర్నాడు విలేఖరుల ముందు కూర్చుని అతను ఏమన్నాడో తెలుసా? చాలా బాధపడ్డానన్నాడు. కానీ తప్పు ఆ అమ్మాయిది కాదన్నాడు. ఆమెని తిట్టొద్దు, ఆమెకి అండగా ఉండండని జనాన్ని వేడుకున్నాడు. ఆ మాట ఆమెకి ఎక్కడి నుంచి వచ్చిందో చూడమన్నాడు. ఆమె ఫోన్ చేసి క్షమాపణ చెప్పింది, అతను వింటూ మాట్లాడాడు. నేను ఇది మొదటిసారి చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. దెబ్బ తిన్నవాడే దెబ్బ కొట్టిన పిల్లని కాపాడాడు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి, లేకపోతే సగం చెప్పినట్టే. 2014లో అతను 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్' అయ్యాడు. జాతి వివక్ష గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. 2015లో బంతి అతని చేతికి వచ్చిన ప్రతిసారీ స్టేడియాలు ఈలలు, కేకలతో హేళన చేశాయి, వారాల తరబడి. ఆ ఏడే ఆట మానేశాడు. 2019లో ఆ ఫుట్‌బాల్ లీగ్, దాని 18 క్లబ్బులూ కలిసి బహిరంగంగా క్షమాపణ చెప్పాయి. నాలుగేళ్ళ తర్వాత! ఆ ఆటగాడు అప్పటికి లేడుగా మైదానంలో. అందుకే సహ ఆటగాళ్ళ మౌనం గురించి నేను ఇంత మొండిగా మాట్లాడతాను. ఆపగలిగినవాళ్ళు అప్పుడే ఆపాలి.

(ముందు వరసలోని ఒక అమ్మాయి: సార్, మా టీమ్‌లో ఒకమ్మాయి తనని తనే అలా పిలుచుకుంటుంది. మేమంటే నవ్వుతుంది కూడా. అదీ తప్పేనా?)

మంచి ప్రశ్న అడిగావమ్మా. తను తనని ఏమని పిలుచుకున్నా అది తన ఇష్టం, దాన్ని సరిదిద్దే పని మనది కాదు. కానీ ఒకసారి ఆలోచించు. ఎదుటివాళ్ళు అనేలోపు తనే అనేసుకుంటే దెబ్బ కాస్త తక్కువ తగులుతుంది. చాలామంది చేసేది అదే. నవ్వడం కూడా అంతే. ముఖం చిన్నబుచ్చుకుంటే "జోక్ కూడా తీసుకోలేవా" అంటారని నవ్వుతారు. నువ్వు ఒక వారం ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచి చూడు. ఎవరికీ ఏమీ చెప్పకు, ఊరికే పిలువు. వారం తర్వాత నాకు చెప్పు.

ఇంకో అనుమానం కూడా మీకు వచ్చే ఉంటుంది. మరి ఎదుటి జట్టుని ఏమీ అనకూడదా? స్లెడ్జింగ్ ఆటలో భాగం కాదా? అనండి. "నీ సర్వీసు నెట్ దాటదు", "ఈ బంతి నీకు కనపడిందా" అనండి. వాళ్ళు ఆటలో చేసినదాని మీద అనండి. పుట్టుకతో వచ్చినదాని మీద అనకండి. ఒలింపిక్స్ హాకీలో హ్యాట్రిక్ కొట్టిన తొలి భారత మహిళ వందనా కటారియా. 2021లో టోక్యోలో మన జట్టు సెమీఫైనల్ ఓడిపోగానే ఆమె ఇంటి ముందు కొందరు కులం పేరుతో దూషించారు. బ్యాడ్మింటన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పతకం తెచ్చిన గుత్తా జ్వాల, అదే ఏడాది చైనాలో తన అమ్మమ్మ చనిపోయారని చెప్పుకుంటే, తల్లి వైపు వాళ్ళు చైనీయులని కొందరు ఆమె మీద విరుచుకుపడ్డారు. కులమైనా జాతైనా ముక్కైనా కళ్ళైనా తగిలే చోటు ఒకటే.

భాష మారితే మాట బరువు మారుతుంది, అదీ తెలుసుకోవాలి. ఇంగ్లండ్‌లో ఆడుతున్న ఉరుగ్వే ఫుట్‌బాల్ ఆటగాడు ఎడిన్సన్ కవానీ 2020లో ఇన్‌స్టాగ్రామ్‌లో స్నేహితుడికి కృతజ్ఞత చెబుతూ స్పానిష్‌లో 'నెగ్రీతో' అన్నాడు, అంటే 'చిన్ని నల్లోడా' అని. వాళ్ళ దేశంలో అది చనువుగా వాడే మాట. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం మూడు మ్యాచ్‌ల నిషేధం, లక్ష పౌండ్ల జరిమానా వేసింది. నా మట్టుకు నాకు ఆ శిక్ష ఎక్కువే అనిపించింది. కానీ మీరు రేపు వేరే భాషల పిల్లలతో ఆడతారు. మన ఇంట్లో చెల్లినట్టు అక్కడ చెల్లదు.

ఫోన్ల గురించి రెండు ముక్కలు. 2021లో ఇంగ్లండ్ బౌలర్ ఓలీ రాబిన్సన్ లార్డ్స్‌లో తన తొలి టెస్టు ఆడుతున్న రోజునే, 18, 19 ఏళ్ళప్పుడు ట్విట్టర్‌లో రాసిన జాతి విద్వేష మాటలు బయటికి వచ్చాయి. జీవితంలో ఎదురుచూసిన రోజు సాయంత్రం కూర్చుని క్షమాపణ చదవాల్సి వచ్చింది. అదే ఏడాది పాకిస్తాన్ మూలాలున్న క్రికెటర్ అజీమ్ రఫీక్ ఇంగ్లండ్ క్రికెట్‌లో తాను పడ్డ అవమానాలని పార్లమెంటు కమిటీ ముందు కన్నీళ్ళతో చెప్పాడు. రోజులు తిరక్కుండా, 2011లో యూదుల గురించి అతనే పంపిన మెసేజ్‌లు బయటపడ్డాయి. సిగ్గుపడుతున్నానని ఒప్పుకుని, సాకులు చెప్పకుండా క్షమాపణ అడిగాడు. మాట పడ్డవాడు ఇంకొకర్ని మాట అనడని లేదు. నేను మీలో ఎవర్నీ మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు అని విడదీయకపోవడానికి కారణం అదే.

మీ మీద మాట పడితే ఏం చేయాలి? సిరాజ్ చేసింది చేయండి. 2021 జనవరి, సిడ్నీ. అతనికి అది రెండో టెస్టు. అంతకు ముందు నవంబరులో తండ్రి పోయారు, జట్టుతోనే ఉండిపోయాడు. బౌండరీ దగ్గర ప్రేక్షకులు దూషిస్తుంటే అతను వాళ్ళతో గొడవకి వెళ్ళలేదు, మింగి ఊరుకోనూ లేదు. నేరుగా కెప్టెన్ రహానే దగ్గరికి నడిచాడు. కెప్టెన్ అంపైర్లకి చెప్పాడు. ఆట కొన్ని నిమిషాల పాటు ఆగింది. కొందర్ని స్టేడియం నుంచి బయటికి పంపారు. జట్టంతా అతని చుట్టూ నిలబడిన దృశ్యం నాకు ఇంకా కళ్ళ ముందు ఉంది. కొత్తవాడివి, సర్దుకుపో అని ఎవరూ అనలేదు. మీ కెప్టెన్‌కో, కోచ్‌కో, నాకో చెప్పండి. ఎవరు, ఎప్పుడు, ఏ మాట అన్నారో అదే రోజు రాసి పెట్టుకోండి, రెండు రోజులైతే సరిగ్గా గుర్తుండదు.

మీరే అని ఉంటే? "నీకు బాధేసుంటే సారీ" అనకండి. అది క్షమాపణ కాదు, తప్పంతా అవతలివాడి మనసు మీదికి నెట్టడం. "నేనలా అనడం తప్పు. ఇంకెప్పుడూ అనను. సారీ" అనండి. ముఖాముఖి అనండి. సర్ఫరాజ్ కూడా ఫెలుక్వాయో దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపి చెప్పాడు. అవతలివాడు వెంటనే నవ్వాలని, భుజం తట్టాలని ఆశించకండి.

పక్కన ఉన్నవాళ్ళు చేయాల్సింది చాలా చిన్నది. నవ్వకండి. ఆ మాటకి గదిలో నవ్వు రాకపోతే రెండోసారి అనడం కష్టం. ధైర్యం ఉంటే "పేరుంది కదా వాడికి" అనండి.

కోచ్‌లతో ఒక్క మాట. మీరు పెదవి చివర నవ్వినా పిల్లలు దాన్ని అనుమతి కింద తీసుకుంటారు. మాట పడ్డ పిల్లాణ్ణే లేపి "నువ్వే చెప్పు, నీకెలా అనిపించిందో" అని అందరి ముందూ నిలబెట్టకండి. వాడు ఇక్కడికి ఆట నేర్చుకోవడానికి వచ్చాడు, మనకి పాఠం చెప్పడానికి కాదు. అన్న పిల్లాణ్ణి కూడా అందరి ముందు చెరిగేయకండి, పక్కకి పిలిచి ఓటా బెంగా కథ చెప్పండి.

ఇప్పుడు ఆ కాకి అన్నాను కదా, ఆ కథ.

ఆట మానేసిన చాలా ఏళ్ళకి వాణ్ణి కలిశాను. అప్పటికి నేను కోచ్‌ని. మాటల్లో అలవాటుగా "ఏరా కాకీ" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అన్నందుకు కాదురా నాకు బాధ. పరిగెత్తేటప్పుడు ఆలోచించే టైం ఉండదు కదా. నువ్వు 'కా' అనేసరికే నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసేది. నా ఒళ్ళే ఆ పేరుకి అలవాటు పడిపోయింది. ఇంట్లో ఎవరైనా కాకిని చూపించినా ఇప్పటికీ నా వేళ్ళు కదులుతాయి."

అప్పుడే ఎందుకు చెప్పలేదురా అన్నాను. చెబితే నాలుగో లెగ్ తీసేస్తారని భయపడ్డానన్నాడు. మాలో అందరికంటే వేగం వాడిదే, వాణ్ణి తీసేసే అవకాశమే లేదు. అయినా వాడికి ఆ భయం ఉంది, మాకు ఎవరికీ ఆ సంగతి తెలియదు.

మరి నేను ఏమని పిలిచి ఉండాల్సిందిరా అని అడిగాను. నా వైపు వింతగా చూశాడు.

"'హ్యాండ్' అంటే చాలు కదరా. అందరూ అదే అంటారు."

రేపు ఉదయం ఆరింటికి రిలే వాళ్ళంతా ట్రాక్ మీద ఉండాలి. నలుగురు నలుగురు కూర్చుని, ఎవర్ని ఏమని పిలవాలో వాళ్ళనే అడగండి. పేరు ఎలా పలకాలో కూడా అడగండి, ఒకటికి రెండుసార్లు పలికి చూపించండి. ఆ పని అయ్యాక నా దగ్గరికి రండి, బ్యాటన్లు ఇస్తాను.